చెల్లికి మోకాలి లిగమెంట్ తెగింది (కబడ్డీ) – ఆపరేషన్ వెంటనే చేయించాలా, ఆగాలా? తెలిసినవాళ్లు చెప్పండి

కాశీనగర్_అన్నయ్య · ఫిబ్రవరి 8, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర పల్లెటూరు. మా చెల్లికి 19 ఏళ్లు, కాలేజీ టీమ్‌లో రైడర్. సంక్రాంతికి పక్క ఊళ్లో ఆడపిల్లల కబడ్డీ పెడితే ఆడ్డానికి వెళ్లింది. బోనస్ తీసి వెనక్కి తిరుగుతుంటే ఎడమ కాలు మట్టిలో అలాగే ఉండిపోయి ఒళ్లు మాత్రం తిరిగిపోయింది, ఎవరూ ముట్టుకోను కూడా లేదు, టప్ మని చప్పుడు గీత బయట కూర్చున్న నాకే వినబడింది. చీకటి పడేసరికి మోకాలు ఉబ్బిపోయి చిప్ప కనబడలేదు. ఊళ్లో పెద్దాయన ఆవనూనెతో తోమి కట్టు కట్టాడు. ఎక్స్‌రే తీయిస్తే ఎముకకి ఏం కాలేదన్నారు, మేమూ ఊపిరి పీల్చుకున్నాం.

మూడు వారాలకి వాపు చాలావరకు తగ్గి మామూలుగానే నడుస్తోంది అనుకుంటుండగా చెరువు మెట్లు దిగుతూ మోకాలు జారిపోయినట్టయి కూలబడిపోయింది. అప్పుడు బరంపురం తీసుకెళ్లి ఎమ్మారై తీయించాం. ఏసీఎల్ అనే లిగమెంట్ పూర్తిగా తెగింది, లోపలివైపు మెనిస్కస్‌లో గ్రేడ్ 2 సిగ్నల్ అని రాశారు. ఒక డాక్టర్ గారు ఈ వారమే ఆపరేషన్ అన్నారు. ఇంకొకాయన ఆడపిల్లకి ఆపరేషన్ ఎందుకు, ఆటలు మానిపించేయండి చాలు అన్నారు. మా నాన్న రెండో మాటే పట్టుకున్నారు. చెల్లి రెండ్రోజుల నుంచి సరిగ్గా అన్నం తినట్లేదు. ఏం చెయ్యాలో చెప్పండి.

పాతపట్నం_రైడర్ · ఫిబ్రవరి 8, రాత్రి 10.15

తమ్ముడూ టప్ మని చప్పుడు, అదే రోజు వాపు, తర్వాత మెట్లమీద జారడం, ఈ మూడూ నాకూ ఇలాగే అయ్యాయి. ముందు చెల్లికి నా మాటగా చెప్పు, ఆట అయిపోలేదమ్మా అని. మిగతాది రేపు రాస్తాను, నా కథ కొంచెం పెద్దది. ఈలోపు ఆ నూనె తోమడం మాత్రం ఆపించండి.

జయపురం_బావ · ఫిబ్రవరి 8, రాత్రి 10.52

అందరూ ఆపరేషన్ ఆపరేషన్ అంటారు గానీ మా తాతల కాలంలో ఏ ఎమ్మారై ఉంది చెప్పండి, కట్టు కట్టించుకుని నలభై రోజులు కదలకుండా ఉంటే లేచి నాగలి పట్టేవారు. పుత్తూరు కట్టుకి ఎక్కడెక్కడి నుంచో వెళ్తారు, ఊరికే వెళ్తారా? నా ఉద్దేశంలో ఒక నెల మంచి కట్టు కట్టించి చూడండి.

బరంపురం_ఆర్థో_పీజీ · ఫిబ్రవరి 8, రాత్రి 11.30

ఇప్పుడే డ్యూటీ దిగాను, చదివాక ఊరుకోలేకపోయాను. చెల్లిని చూడకుండా ఇదే చేయండి అని చెప్పను, కానీ విషయం అర్థమయ్యేలా చెప్తాను.

ఏసీఎల్ అంటే మోకాలి లోపల తొడ ఎముక నుంచి కింది కాలి ఎముకకి ఏటవాలుగా వెళ్లే తాడు లాంటిది. కింది ఎముక ముందుకి జారకుండా, మోకాలు మెలితిరగకుండా పట్టి ఉంచేది అదే. తెగితే లోపల రక్తం కారుతుంది, అందుకే కొన్ని గంటల్లోనే అంత వాపు. ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గానీ ఈ తాడు కనబడదు, అంచేత "ఎక్స్‌రే నార్మల్" అంటే "మోకాలు నార్మల్" అని కాదు. చాలామంది ఇక్కడే నెలలు పోగొట్టుకుంటారు. చేతులతో పట్టి చూసే లాక్‌మన్ టెస్ట్ అని ఒకటుంది, అలవాటున్న డాక్టర్ అర నిమిషంలో చేస్తారు.

గ్రేడ్ 2 సిగ్నల్ చూసి భయపడకండి. మెనిస్కస్ అంటే రెండు ఎముకల మధ్య ఉండే మెత్తటి వాషర్ లాంటిది. గ్రేడ్ 2 అంటే లోపల గీత ఉంది గానీ అంచు దాకా రాలేదు, దాన్ని చిరుగు అనం. గ్రేడ్ 3 అయితేనే చిరుగు.

బావగారూ, మీమీద గౌరవంతోనే చెప్తున్నాను. ఎముక విరిగితే తనంతట తనే అతుక్కునే గుణం దానికుంది, కట్టుతో చాలామందికి అతుక్కున్నది అందుకే, అది కూడా వంకర లేకుండా కుదిరితే. పూర్తిగా తెగిన ఏసీఎల్ అలా కలుస్తుందని నమ్ముకుని కూర్చోలేం. చుట్టూ కీలు నీళ్లే, కొసలు రెండూ ఎడమైపోతాయి, ఎంత గట్టిగా కట్టినా లోపల కొసలు దగ్గరకి రావు. ఇంకో మాట, గట్టి కట్టు ప్రమాదం. డ్యూటీలో ఒక కుర్రాడిని చూశాను, వాలీబాల్ ఆడుతూ పడి ముంజేయి విరిగింది, వెదురు బద్దలు వేసి బిగించేశారు, రాత్రంతా నొప్పి అని ఏడుస్తుంటే ఓర్చుకోమన్నారట. పొద్దున్న తీసుకొచ్చేసరికి వేళ్లు చల్లబడిపోయి ఉన్నాయి. కండరం లోపల ఒత్తిడి పెరిగి రక్తం ఆగిపోతే గంటల్లోనే కండరం చచ్చిపోతుంది. ఆ కుర్రాడి వేళ్లు ఇప్పటికీ ముడుచుకునే ఉన్నాయి. ఏ కట్టయినా సరే, హాస్పిటల్లో వేసినదైనా సరే, దెబ్బకి మించిన నొప్పి వస్తున్నా, వేళ్లు ఎవరైనా నెమ్మదిగా చాపితే ప్రాణం పోతున్నా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పించి హాస్పిటల్‌కి పరిగెత్తాలి. పొద్దుటి దాకా ఆగకూడదు.

జయపురం_బావ · ఫిబ్రవరి 9, ఉదయం 6.20

ఈ ఒత్తిడి సంగతి నాకు తెలీదండి డాక్టర్ గారూ. మా ఊళ్లోనూ వేళ్లు వంకరపోయిన ఒకాయన ఉన్నాడు, చిన్నప్పుడు కట్టు కట్టారంట, ఎవరం దానివల్లే అనుకోలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పాతపట్నం_రైడర్ · ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 1.05

ఇదీ నా సంగతి. నాకు 22 ఏళ్లప్పుడు కుడి మోకాలు పోయింది. ఊరి పేరు గానీ హాస్పిటల్ పేరు గానీ చెప్పను. దెబ్బ తగిలిన అయిదో రోజున, మోకాలు ఇంకా వాచి సరిగ్గా చాపడం కూడా రాని టైములో ఆపరేషన్ చేసేశారు, నేనే తొందరపెట్టాను కూడా, మార్చిలో టోర్నమెంట్ ఉందని. తర్వాత మోకాలు బిగుసుకుపోయింది. పూర్తిగా చాపడం రాదు, ఇంటికి పంపేటప్పుడు ఎక్సర్‌సైజులని ఒక జిరాక్స్ కాగితం ఇచ్చారు అంతే, అందులో బొమ్మలు కూడా సగం పడలేదు. నాలుగు నెలలు కుంటాను. ఏదో కాస్త కుదిరిందనగానే అయిదో నెలలో కోర్టులో దిగాను. రెండో మ్యాచ్‌లో ఒకడు యాంకిల్ హోల్డ్ పట్టాడు, నేను గుంజుకున్నాను, వేసిన గ్రాఫ్ట్ (కొత్త తాడు) మళ్లీ తెగింది.

రెండోసారి వైజాగ్‌లో చేయించుకున్నాను. ఆ సార్ మొదటిరోజు కత్తి మాటే ఎత్తలేదు. వాపు పోవాలి, మోకాలు అవతలి కాలంత నిటారుగా చాపాలి, తొడ కండ బిగించడం రావాలి, అప్పుడు డేట్ ఇస్తా అన్నారు. ఆరు వారాలు పట్టింది. ఆపరేషన్ తర్వాత పదకొండో నెలలో ఆడాను, ఇంకో మూడు సీజన్లు ఆడాను. అంచేత తమ్ముడూ "ఈ వారమే" అన్న మాట విని కంగారుపడి డబ్బు కట్టేయకు. చెల్లి మోకాలు పూర్తిగా చాపగలుగుతోందా? అది ముందు చెప్పు.

కాశీనగర్_అన్నయ్య · ఫిబ్రవరి 9, సాయంత్రం 6.30

చూశాను అన్నా. మంచం మీద రెండు కాళ్లూ చాపమంటే ఎడమ మోకాలి కింద నా నాలుగు వేళ్లు దూరుతున్నాయి, కుడి వైపు ఒక్క వేలు కూడా దూరట్లేదు. ఎడమ తొడ కూడా సన్నబడ్డట్టు అనిపిస్తోంది.

రాయగడ_ఫిజియో · ఫిబ్రవరి 9, రాత్రి 8.10

సన్నబడ్డట్టు అనిపించడం కాదు, కొలవండి. టైలర్ టేప్ తీసుకుని మోకాలి చిప్ప పైఅంచు నుంచి 10 సెంటీమీటర్లు పైకి పెన్నుతో గుర్తు పెట్టి, రెండు తొడలూ అక్కడే చుట్టుకొలత తీసి తేదీ వేసి రాసుకోండి. వారానికోసారి అదే గుర్తు.

ఇక అమ్మాయికి ఈ రాత్రి నుంచే మొదలుపెట్టచ్చు, నొప్పి బాగా పెరిగితే ఆపేయాలి. తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టి మోకాలిని గాలిలో వదిలేసి కిందికి వాలనివ్వాలి, పది నిమిషాలు, రోజుకి నాలుగైదు సార్లు. అలాగే తొడ కండ బిగించి మోకాలి వెనక భాగం మంచానికి నొక్కాలి, అయిదు లెక్కపెట్టి వదలాలి. అది బాగా వచ్చాక కాలు నిటారుగా పైకెత్తడం, ఎత్తేటప్పుడు మోకాలు కొంచెమైనా వంగితే ఇంకా బలం రాలేదనే. మడమని మంచం మీద జరుపుతూ మోకాలు మడవడం. వాపు ఎక్కువైన రోజు ఐస్‌ని గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు, నేరుగా చర్మం మీద వద్దు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. చెరువు మెట్లు మాత్రం ఇప్పట్లో వద్దు, ఒక్కోసారి జారినప్పుడల్లా లోపల మెనిస్కస్ నలుగుతుంది, ఇప్పుడు గ్రేడ్ 2 అన్నది రేపు చిరుగు కావచ్చు.

రాయగడ, గజపతి, కోరాపుట్ లాంటి జిల్లాల్లో మా ఫిజియోలు తక్కువమందే ఉన్నారు, రోజూ వచ్చి చేయించుకోవడం పల్లెటూళ్ల వాళ్లకి కుదరదు, నాకు తెలుసు. పదిహేను రోజులకోసారి వచ్చి నేర్చుకుని వెళ్లి, ఇంట్లో చేసినది ఫోన్‌లో వీడియో తీసి పంపినా పని జరుగుతుంది. చెయ్యకుండా ఉండటమే అసలు నష్టం.

గుణుపురం_మాస్టారు · ఫిబ్రవరి 10, ఉదయం 7.45

నేను స్కూల్లో పీఈటీని. ఈ ఏసీఎల్ దెబ్బ మగపిల్లల కన్నా ఆడపిల్లలకి ఎక్కువ, ఒకే ఆట ఆడినా సరే. మా పిల్లల్లో నేను చూసేదేంటంటే దూకి దిగేటప్పుడు మోకాళ్లు రెండూ లోపలికి వాలిపోతాయి. ఫుట్‌బాల్ వాళ్లకి ఫిఫా తయారుచేసిన 11 ప్లస్ అనే వార్మప్ ఉంది, ఇరవై నిమిషాలు, ఏ సామానూ అక్కర్లేదు, పరుగు, ఒంటికాలి బ్యాలెన్స్, దూకి మెత్తగా దిగడం, తొడ వెనక కండకి నార్డిక్ అనే ఎక్సర్‌సైజు. కబడ్డీ, ఖోఖో పిల్లలకి కూడా నేను అదే చేయిస్తున్నాను, ఇలాంటి వార్మప్ క్రమం తప్పకుండా చేస్తే ఏసీఎల్ దెబ్బలు సగానికి సగం తగ్గుతాయని చాలా స్టడీలు వచ్చాయి. మన టోర్నమెంట్లలో జెండా ఎగరేసి కొబ్బరికాయ కొట్టి నేరుగా కూత పెట్టించేస్తారు, చలిలో పొద్దున్నే, ఒళ్లు వేడెక్కకుండా. నాకు ఇది చూస్తే కడుపు మండుతుంది.

ఇంకొకటి కూడా, మ్యాచ్ మధ్యలో నొప్పి ఇంజెక్షన్ పొడిపించి మళ్లీ దింపడం. నొప్పి తెలియకపోతే పిల్ల ఆ మోకాలిని కాపాడుకోదు కదా.

వంశధార_ఒడ్డు · ఫిబ్రవరి 10, ఉదయం 9.00

డాక్టర్ గారూ అసలు ఆపరేషన్ లేకుండా కుదరదా? మా అన్నయ్యకి ఏసీఎల్ తెగి ఎనిమిదేళ్లయింది, పొలం పనులన్నీ చేసుకుంటున్నాడు, బండి నడుపుతున్నాడు. ఈ మధ్య మా ఊళ్లో ఇంకొకాయనకి పీఆర్పీ ఇంజెక్షన్ (మన రక్తంలోంచే తీసి వేసేది) వేస్తే అతుక్కుంటుందన్నారు, నిజమేనా?

బరంపురం_ఆర్థో_పీజీ · ఫిబ్రవరి 10, రాత్రి 10.20

కుదురుతుందండి, అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. స్వీడన్‌లో 121 మంది కుర్రవాళ్ల మీద చేసిన స్టడీ 2010లో వచ్చింది. కొందరికి ముందుగానే ఆపరేషన్ చేసి ఎక్సర్‌సైజులు చేయించారు, మిగతావాళ్లకి ఎక్సర్‌సైజులతో మొదలుపెట్టి మోకాలు నిలవకపోతేనే తర్వాత ఆపరేషన్ చేశారు. అయిదేళ్లకి చూస్తే ఈ రెండో గుంపులో సగం మందికి ఆపరేషన్ అవసరం పడింది, సగం మందికి పడలేదు, మోకాళ్ల పరిస్థితిలో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే ప్రొఫెషనల్ ఆటగాళ్లని అందులో తీసుకోలేదు. మీ అన్నయ్యగారికి తొడ కండ బలంగా ఉండి మోకాలు జారట్లేదంటే అలాగే ఉండనివ్వండి. పూర్తిగా తెగిన లిగమెంట్‌ని పీఆర్పీ అతికించదు, దానికి డబ్బు తగలేయొద్దు.

కాశీనగర్ అమ్మాయి విషయం వేరు. 19 ఏళ్లు, రైడర్, కాలు నాటి తిరగడమే ఆ ఆట. పైగా మామూలు మెట్లమీదే జారింది. ఇలాంటివాళ్లకి ఆపరేషన్ వైపే మొగ్గుతాం. కానీ ఈ వారం కాదు, మోకాలు నిటారుగా చాపడం వచ్చాక. మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపడానికీ మడవడానికీ రాకపోతే మాత్రం ఆగకూడదు, చిరిగిన మెనిస్కస్ ముక్క అడ్డం పడి ఉండొచ్చు, త్వరగా చేస్తే కుట్టి కాపాడే అవకాశం ఉంటుంది.

ఆపరేషన్ ఎలా ఉంటుందో నాన్నగారికి చెప్పడానికి రాస్తున్నాను. తెగిన తాడుని మళ్లీ కుట్టడం కాదు, కొత్తది వేస్తాం. నడుం కింద మత్తు ఇచ్చి, మోకాలి ముందు రెండు చిన్న రంధ్రాలు పెట్టి ఒకదాంట్లో కెమెరా, ఒకదాంట్లో పనిముట్లు. మోకాలి కింద లోపలివైపు రెండంగుళాలకి మించని కోత పెట్టి తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ స్నాయువు తీస్తాం. దాన్ని బల్ల మీద శుభ్రం చేసి నాలుగు పొరలు మడిచి కుట్టి, రంధ్రాలున్న కొలబద్దలో దూర్చి లావు చూస్తాం, 8 మిల్లీమీటర్లన్నా ఉంటే మంచిది, కుర్రవాళ్లకి సన్నటి గ్రాఫ్ట్ తెగే అవకాశం ఎక్కువ. రెండు ఎముకల్లో సొరంగం చేసి అందులోంచి లాగి, పైన చిన్న టైటానియం బటన్, కింద స్క్రూతో బిగిస్తాం. చిప్ప కింద స్నాయువు తీసి వేసే పద్ధతి కూడా గట్టిదే, కానీ మోకాళ్ల మీద కూర్చుంటే ముందువైపు నొప్పి రావచ్చు. ఏది వేస్తారు, ఎందుకు అని సర్జన్‌ని తప్పకుండా అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఒక నిజం కూడా చెప్పాలి. ఆపరేషన్ చేసినా చేయకపోయినా ఏసీఎల్ తెగిన మోకాలికి ముందుముందు అరుగుదల వచ్చే అవకాశం మామూలు మోకాలి కన్నా ఎక్కువే. 25 ఏళ్ల లోపు వాళ్లు మళ్లీ ఆటలోకి వెళ్తే దాదాపు నలుగురిలో ఒకరికి ఆ మోకాలో అవతలి మోకాలో మళ్లీ తెగుతోంది. తొమ్మిది నెలల కన్నా ముందే దిగినవాళ్లకి ఇంకా ఎక్కువ. వేసిన గ్రాఫ్ట్ మొదటి రెండు మూడు నెలల్లో బలం తగ్గి తర్వాత నెమ్మదిగా పుంజుకుంటుంది, అప్పటికి నొప్పి పోతుంది కాబట్టి పిల్లలు బాగైపోయింది అనుకుంటారు, పాతపట్నం అన్నకి జరిగింది అదే.

పర్లాకిమిడి_అమ్మ · ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 3.15

బాబూ, మా అబ్బాయికి ఫుట్‌బాల్‌లో ఇదే అయి రెండేళ్ల క్రితం చేయించాం. డాక్టర్లు చెప్పనివి కొన్ని చెప్తాను. ఇంట్లో నేల మీద కూర్చునే బాత్రూమ్ అయితే ముందే ఏర్పాటు చేసుకోండి, మేము కుర్చీకి మధ్యలో కోసిన కమోడ్ కుర్చీ అద్దెకి తెచ్చాం, ఇది ముందు తట్టక మొదటి రోజు పిల్లాడు ఎంత బాధపడ్డాడో. మెనిస్కస్ కూడా కుట్టారంటే గొంతుకు కూర్చోవడం కొన్ని నెలలు అసలే వద్దంటారు. ఆడపిల్ల కాబట్టి పక్కన అమ్మ గానీ పిన్ని గానీ ఉండేలా చూడు. పిక్క నొప్పి వాపు, జ్వరం, కోత దగ్గర ఎర్రబడి చీము, ఇవి వస్తే ఫోన్లో అడక్కుండా నేరుగా తీసుకెళ్లిపో.

డబ్బు సంగతి. మనం ఒడిశా వాళ్లం కాబట్టి ఆంధ్రా ప్రభుత్వం కార్డు మనకి పనికిరాదు, చాలామంది వైజాగ్ వెళ్లి కౌంటర్ దగ్గర తెల్లబోతారు. ఇక్కడ 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి ఇస్తున్నారు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకి అదనంగా ఇంకో 5 లక్షలు. ఆయుష్మాన్ జాబితాలో ఉన్న హాస్పిటలయితే వేరే రాష్ట్రంలో అయినా చెల్లుతుంది. వెళ్లే ముందు ఆ హాస్పిటల్ జాబితాలో ఉందా, ఈ ఆపరేషన్ ప్యాకేజీలో ఉందా, బటన్, స్క్రూల ఖర్చు కూడా అందులోనే వస్తుందా అని మూడూ అడిగి రాయించుకో.

మీ నాన్నగారికి ఒక మాట. నీరజ్ చోప్రాకి 2019లో మోచేతికి ఆపరేషన్ అయింది, 2021లో టోక్యోలో గోల్డ్ తెచ్చాడు. అబ్బాయికి కోత పడితే ఎవరూ పెళ్లి మాట ఎత్తరు. మోకాలు జారే పిల్ల రేపు చంకలో బిడ్డనేసుకుని మెట్లు దిగాలి కదా బాబూ, ఆటకోసమే కాదు అని చెప్పు.

కాశీనగర్_అన్నయ్య · ఫిబ్రవరి 12, రాత్రి 9.10

అమ్మా మీరు రాసింది యథాతథంగా నాన్నకి చదివి వినిపించాను. ఏం మాట్లాడలేదు. పొద్దున్న చూస్తే పెరట్లో పాచి పట్టిన రాళ్లు తీసేసి ఇసుక పోస్తున్నారు. తొడ కొలిచాం, కుడి 46, ఎడమ 43.

పాతపట్నం_రైడర్ · ఫిబ్రవరి 12, రాత్రి 9.32

మూడు సెంటీమీటర్లు. నాది నాలుగు ఉండేది. వస్తుంది తమ్ముడూ, నెమ్మదిగా వస్తుంది.

కాశీనగర్_అన్నయ్య · ఏప్రిల్ 6, రాత్రి 8.50

చాలా రోజులకి రాస్తున్నాను, క్షమించండి. అయిదు వారాలు ఎక్సర్‌సైజులు చేసింది, రాయగడ సార్ దగ్గరికి మూడుసార్లు వెళ్లాం. మోకాలి కింద వేలు దూరడం మానేశాక డేట్ ఇచ్చారు. మార్చి 27న ఆపరేషన్ అయింది, హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్టే, లావు 8.5 మిల్లీమీటర్లు అన్నారు. మెనిస్కస్ బాగానే ఉందన్నారు, కుట్టలేదు. కార్డు మీదే అయింది, స్కానింగ్, రానుపోను ఖర్చులు మావి. నిన్న కుట్లు తీశారు. చంక కర్రలతో నడుస్తోంది. నాన్నే రోజూ పక్కన కూర్చుని అయిదు లెక్కపెడుతున్నారు.

ఒక డౌట్ సార్. రాత్రి పడుకునేటప్పుడు మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉందంటోంది, పెట్టచ్చా?

రాయగడ_ఫిజియో · ఏప్రిల్ 6, రాత్రి 9.05

వద్దు, ఇప్పుడే తీయించండి. మోకాలు వంగి ఉండటానికి అలవాటు పడితే మళ్లీ నాలుగు వేళ్లు దూరతాయి. ఆ దిండు మడమ కింద పెట్టండి. మొదటి రెండు రాత్రులు నిద్ర సరిగా పట్టదు, అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి. గురువారం వచ్చేటప్పుడు టేప్ కొలతల కాగితం తీసుకురండి.

కాశీనగర్_అన్నయ్య · ఏప్రిల్ 6, రాత్రి 9.20

తీసేశాం సార్. మడమ కింద పెట్టాం. గురువారం పొద్దున్న రైలుకి వస్తాం.